ఐఎల్ఎస్ అప్రోచ్‌లో తప్పు ఎక్కడ దొర్లుతుంది: సమస్య - పరిష్కారం

మబ్బుల్లోంచి ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వేకి తీసుకొచ్చే వ్యవస్థ) పట్టుకుని దిగడం ప్రపంచంలో రోజూ వేల సార్లు జరిగే పని. రన్‌వే ఎడమకు ఉందా కుడికి ఉందా అనేది లోకలైజర్ చెబుతుంది. పైన ఉన్నామా కింద ఉన్నామా అనేది గ్లైడ్ స్లోప్ చెబుతుంది. వాలు మామూలుగా 3 డిగ్రీలు. పైలట్ చేయాల్సిందల్లా రెండు సూదుల్ని మధ్యలో ఉంచుకుంటూ రావడమే. ఇంత తేలిగ్గా కనిపించే పనిలో అన్ని ప్రమాదాలు ఎందుకు జరిగాయని దర్యాప్తు నివేదికలు చదువుతూ పోతే ఒక విషయం పదే పదే ఎదురవుతుంది. చాలా వాటిలో తేడా వచ్చిందని కాక్‌పిట్‌లో ఎవరో ఒకరికి ముందే తెలుసు. ఆ సంగతి పక్క సీటుకి చేరలేదు, చేరినా చేతల్లోకి రాలేదు.

నేను సిమ్యులేటర్‌లో వెనక సీట్లో కూర్చుని శిక్షణ ఇచ్చేవాణ్ణి. అందుకే ఇక్కడ ప్రతి సమస్యనూ ప్యానెల్ మీద కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, ఇద్దరు పైలట్ల మధ్య ఏది తెగిపోయిందో అక్కడిదాకా తీసుకెళ్తున్నాను. మీ విమానం మాన్యువల్, మీ సంస్థ ఎస్ఓపీ (పాటించాల్సిన పద్ధతుల పత్రం) ఎప్పుడూ ముందు. ఇది వాటి పక్కన పెట్టుకుని చదువుకోవడానికి.

లక్షణం: గ్లైడ్ స్లోప్ సూది మధ్యలోనే ఉంది, ఎత్తు మాత్రం లెక్కకు రావడం లేదు

అన్నిటికంటే మోసం చేసే లక్షణం ఇదే, ఎందుకంటే చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది.

ఒక కారణం, సిగ్నలే తప్పు కావడం. 2000 జులై 29 రాత్రి సమోవాలోని ఫాలెయోలో విమానాశ్రయంలో దిగబోతున్న ఎయిర్ న్యూజిలాండ్ బోయింగ్ 767కి ఇదే ఎదురైంది. నేల మీది ట్రాన్స్‌మిటర్ సరైన స్థితిలో లేదు. దాంతో విమానం ఎక్కడున్నా సూది మధ్యలోనే నిలబడిపోయింది. సిగ్నల్‌ని నమ్మొద్దని హెచ్చరించే ఫ్లాగ్ రాలేదు. బయట లైట్లు ఉండాల్సిన చోట లేవని, దూరానికీ ఎత్తుకీ పొంతన లేదని సిబ్బంది గ్రహించి గో అరౌండ్ చేశారు, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి వెళ్లిపోయారు. అప్పటికి వాళ్లు సుమారు 400 అడుగుల ఎత్తులో ఉన్నారు, రన్‌వే ఇంకా ఐదారు మైళ్ల దూరంలో ఉంది. అందరూ బతికారు.

ఇంకో కారణం, ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన అక్కడి గాలి పీడనం) తప్పు పెట్టడం. ఐఎల్ఎస్ వాలుకి ఆల్టీమీటర్‌తో సంబంధం లేదు కాబట్టి సూది సరిగ్గానే ఉంటుంది, తప్పేదల్లా మనం చదివే ఎత్తు. సముద్రమట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ అంటే దాదాపు 28 అడుగులు. 1003 పెట్టాల్సిన చోట 1013 ఉండిపోతే విమానం నిజంగా ఉన్నదానికంటే 280 అడుగులు పైన ఉన్నట్టు కనిపిస్తుంది. కేటగిరీ 1 అప్రోచ్‌లో డెసిషన్ హైట్ (రన్‌వే కనబడకపోతే దిగడం ఆపాల్సిన ఎత్తు) మామూలుగా 200 అడుగులు. అంటే ఆల్టీమీటర్ మీద మినిమమ్స్, అదే ఆ ఎత్తు, రాకముందే నేల వచ్చేస్తుంది. ఇది ఎక్కువగా ట్రాన్సిషన్ లెవెల్ (1013 నుంచి స్థానిక క్యూఎన్‌హెచ్‌కి మార్చుకోవాల్సిన చోటు) దాటుతున్నప్పుడు ఏటీసీ (నేల మీది ట్రాఫిక్ కంట్రోల్) కాల్ అడ్డొచ్చి, ఒకరు మార్చి ఒకరు మార్చకపోవడం వల్లో, ఇద్దరూ ఒకే తప్పు అంకె విని ఒకేలా పెట్టడం వల్లో జరుగుతుంది. ఇద్దరి ఆల్టీమీటర్లూ కలిశాయి కదా అని ఊరుకుంటే ఆ రెండో రకం తప్పు దొరకదు. ఏటిస్‌లో (విమానాశ్రయం వాతావరణ వివరాల రికార్డు ప్రసారం) విన్న అంకెతో, అప్రోచ్ కంట్రోలర్ చెప్పిన అంకెతో పోల్చి చూసుకోవాలి.

దిద్దుబాటు: 3 డిగ్రీల వాలు మీద ఒక నాటికల్ మైలుకి సుమారు 320 అడుగులు దిగుతాం. మనసులో లెక్కకు మైళ్లను 300తో గుణించుకుంటే చాలు. 5 మైళ్ల దగ్గర రన్‌వే మీద 1500, 1600 అడుగుల ఎత్తు ఉండాలి. ఆ చెక్ పాయింట్ చార్ట్‌లోనే ఉంటుంది. మానిటరింగ్ పైలట్ (నడపకుండా పరికరాల్ని గమనించే పైలట్) దాన్ని పైకి చదవాలి, నడుపుతున్న పైలట్ జవాబు చెప్పాలి. తేడా వంద అడుగులు దాటితే కారణం కోసం అక్కడే వెతకొద్దు. పైకి వెళ్లిపోయి వెతకండి.

ఒక జాగ్రత్త. డీఎంఈ అన్నిచోట్లా రన్‌వే పక్కనే ఉండదు. గువామ్‌లో 1997 ఆగస్టు 6న కొరియన్ ఎయిర్ 801 దిగుతున్నప్పుడు దూరం చూపించే డీఎంఈ రన్‌వేకి 3.3 మైళ్ల ముందు, నిమిట్జ్ హిల్ అనే గుట్ట మీద ఉంది. ఆ రోజు గ్లైడ్ స్లోప్ పనిచేయడం లేదని నోటామ్ (పైలట్లకు ఇచ్చే నోటీసు) ఉంది, అప్రోచ్ కంట్రోలర్ కూడా చెప్పాడు. అయినా చివరి నిమిషాల్లో గ్లైడ్ స్లోప్ పనిచేస్తోందా లేదా అన్న చర్చ కాక్‌పిట్‌లో నడుస్తూనే ఉంది. ఒకరు పనిచేస్తోందంటారు, ఇంకొకరు వాడకూడదంటారు. 747 ఆ గుట్టకే తగిలింది. 254 మందిలో 228 మంది పోయారు. బ్రీఫింగ్‌లో 'గ్లైడ్ స్లోప్ లేదు, దీన్ని అసలు చూడొద్దు, మెట్లుగా దిగుతాం, ఒక్కో మెట్టు ఎత్తు ఇదీ' అని ఒక్కసారి తేల్చుకుని ఉంటే ఆ చర్చకు చోటే ఉండేది కాదు. పనిచేయని పరికరాన్ని ట్యూన్ చేసి ప్యానెల్ మీద ఉంచుకోవడం కన్నా, కనబడకుండా చేయగలిగితే చేయడమే మేలు.

లక్షణం: గ్లైడ్ స్లోప్‌కి పైనుండిపోయాం, దించేకొద్దీ వేగం పెరుగుతోంది

కారణం సాధారణంగా పది నిమిషాల ముందు నాటిదే. ఏటీసీ దగ్గరి దారి ఇచ్చింది, మనం 'సరే' అన్నాం. వెనక గాలి ఉంది, లెక్కేసుకోలేదు.

పైనుంచి గ్లైడ్ స్లోప్ పట్టుకోవడంలో ఒక ప్రమాదం దాగుంది. 3 డిగ్రీల అసలు వాలుకు పైన, 9 డిగ్రీల ప్రాంతంలో యాంటెన్నా నుంచి ఇంకో దొంగ వాలు పుడుతుంది. ఆ మధ్యలో కొన్ని యాంటెన్నాల సిగ్నల్ తిరగబడి కూడా ఉంటుంది. ఆటోపైలట్‌కి ఈ తేడా తెలియదు, దొరికిందాన్ని పట్టుకుంటుంది. 2013 మే 31న ఐండ్‌హోవెన్‌లో ఒక 737-800 ఇలా పట్టుకుని, ముక్కు ఒక్కసారిగా పైకి లేచి, వేగం పడిపోయి స్టిక్ షేకర్ (వేగం ప్రమాదకరంగా తగ్గిందని కంట్రోల్‌ని వణికించే హెచ్చరిక) దాకా వెళ్లింది. సిబ్బంది గో అరౌండ్‌తో బయటపడ్డారు. డచ్ సేఫ్టీ బోర్డు దీని మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది.

దిద్దుబాటు ఇక్కడ చేతుల్లో కన్నా నోట్లో ఉంది. 'మాకు ఇంకో ఐదు మైళ్లు కావాలి' అని ఏటీసీని ముందే అడగండి. అడగాల్సింది మానిటరింగ్ పైలట్, అడగమని చెప్పాల్సింది నడుపుతున్నవాళ్లు. వాళ్లు చెప్పకపోతే, 'అడగమంటారా?' అని మానిటరింగ్ పైలట్ తనంతట తాను అనాలి. ఆ ఒక్క ప్రశ్నతో ఎన్నో అప్రోచ్‌లు చక్కబడటం నేను చూశాను. ఇక పైనుంచే పట్టుకోవాల్సి వస్తే మైళ్ల లెక్క వదలకండి. సూది కదలడం మొదలుపెట్టినప్పుడు, 'ఈ దూరానికి ఈ ఎత్తు సరేనా?' అని ఒకరు పైకి అన్నాకే గ్లైడ్ స్లోప్‌ని ఆర్మ్ చేయండి, అంటే ఆటోపైలట్ దాన్ని పట్టుకునేలా సిద్ధం చేయండి.

లక్షణం: లోకలైజర్ పట్టుకోలేదు, లేదా పట్టుకుని వదిలేసింది

చిన్న కారణాలు ముందు చూడండి: ఫ్రీక్వెన్సీ పక్క రన్‌వేది, మోర్స్ ఐడెంట్ (సిగ్నల్ ఏ రన్‌వేదో చెప్పే మోర్స్ కోడ్) వినలేదు, అప్రోచ్ మోడ్ ఆర్మ్ చేశామనుకుని హెడింగ్‌లోనే ఉండిపోయారు, ఇన్‌బౌండ్ కోర్స్ మార్చలేదు. వీటన్నిటికీ మందు ఒకటే. బటన్ నొక్కిన వేలిని నమ్మకుండా ఎఫ్ఎంఏలో (ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉందో చూపే చోటు) ఏం రాసిందో చదవడం, పైకి చదవడం.

పెద్ద కారణం వేరే ఉంది. 2011 ఆగస్టు 20న కెనడా ఉత్తరాన రెజల్యూట్ బే దగ్గర ఫస్ట్ ఎయిర్ 6560 అనే 737 ఐఎల్ఎస్ మీద దిగుతోంది. కంట్రోల్ వీల్ మీద పడిన ఒత్తిడికి ఆటోపైలట్ లోకలైజర్‌ని వదిలేసింది, ఇద్దరూ గమనించలేదు. పైగా దిక్సూచిలోనే తేడా ఉంది. విమానం కుడికి జరిగిపోతోంది. ఫస్ట్ ఆఫీసర్ జీపీఎస్‌లో అది చూశాడు, కుడికి పోతున్నామని ఒకటికి పదిసార్లు రకరకాలుగా చెప్పాడు. కెప్టెన్ మాత్రం ఆటోపైలట్ పట్టుకునే ఉందన్న నమ్మకంలో ఉన్నాడు. ఇద్దరి బుర్రల్లో రెండు వేరువేరు బొమ్మలు. రన్‌వేకి దాదాపు ఒక మైలు తూర్పున ఉన్న కొండకు తగిలేదాకా ఆ రెండు బొమ్మలూ కలవలేదు. 15 మందిలో 12 మంది చనిపోయారు.

ఇక్కడ దిద్దుబాటు: సూది పూర్తిగా పక్కకు వెళ్లిపోయిందంటే ఎవరి బొమ్మ కరెక్టు అన్న చర్చకు సమయం అయిపోయింది. ఎఫ్ఎంఏ, జీపీఎస్, సూది, వీటిలో ఏ రెండు పొసగకపోయినా ఆ అప్రోచ్ అక్కడితో ఆపాలి. ఎవరు కరెక్టో మూడు వేల అడుగుల పైన తేల్చుకోవచ్చు.

లక్షణం: థ్రస్ట్ లివర్లు (ఇంజిన్ల శక్తిని మార్చేవి) వెనక్కి వెళ్లి అక్కడే ఉండిపోయాయి

2009 ఫిబ్రవరి 25, ఆమ్‌స్టర్‌డామ్. టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1951లో ఎడమ రేడియో ఆల్టీమీటర్ (నేల నుంచి ఎత్తు కొలిచేది) మైనస్ 8 అడుగులు చూపించింది. విమానం నేలకు దిగిపోయిందని ఆటోథ్రాటిల్ అనుకుని థ్రస్ట్ తగ్గించేసింది. అప్పుడు వాళ్లు పైనుంచి గ్లైడ్ స్లోప్ పట్టుకుంటున్నారు కాబట్టి ఐడిల్ థ్రస్ట్ (ఇంజిన్ల కనీస శక్తి) మామూలే అనిపించింది. అసలు వాలు మీదికి వచ్చాక కూడా లివర్లు కదల్లేదు. కాక్‌పిట్‌లో ముగ్గురున్నారు. ల్యాండింగ్ చెక్‌లిస్ట్ ఆలస్యమై అప్పుడే నడుస్తోంది. వేగం పడిపోవడం ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. 460 అడుగుల దగ్గర స్టిక్ షేకర్ మోగింది. 135 మందిలో 9 మంది చనిపోయారు.

కారణం పరికరం ఒక్కటే కాదు. ముగ్గురి కళ్లూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

దిద్దుబాటు: చేయి లివర్ల మీదే ఉంచండి, కదలకపోతే తెలిసేది చేతికే. చెక్‌లిస్ట్ 1000 అడుగులకు దిగేలోపు పూర్తి కాకపోతే, తర్వాత హడావిడిగా పూర్తి చేయాల్సిన అవసరం లేదు, గో అరౌండ్ చేయండి. మానిటరింగ్ పైలట్ కాగితం చదువుతున్నంతసేపూ నడుపుతున్న పైలట్ చూపు వేగం మీంచి పక్కకు పోకూడదు. జవాబు చెప్పడానికి కూడా తల తిప్పనక్కర్లేదు.

లక్షణం: మాట వచ్చింది, పని జరగలేదు

నా దృష్టిలో ఈ గైడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

ఒక సిమ్యులేటర్ సెషన్ గుర్తుంది. విమానం 1100 అడుగుల దగ్గరుంది. వేగం ఉండాల్సినదాని కంటే పన్నెండు నాట్స్ తక్కువ. ఫస్ట్ ఆఫీసర్ చూపుడు వేలు స్పీడ్ టేప్ వైపు లేచి గాల్లో ఆగింది. 'సర్, స్పీడ్ కొంచెం తగ్గిందేమో...' అన్నాడు. కెప్టెన్ 'ఆ, చూస్తున్నా' అన్నాడు, చూపు మాత్రం గ్లైడ్ స్లోప్ మీదే. ఆ వేలు నెమ్మదిగా దిగి మోకాలి మీదికి వచ్చేసింది. వేగం ఇంకో ఆరు నాట్స్ పడింది. సెషన్ అయ్యాక అడిగితే ఫస్ట్ ఆఫీసర్, 'నేను చెప్పాను కదా' అన్నాడు. కెప్టెన్, 'నాకు చెప్పలేదే' అన్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. రికార్డింగ్ పెట్టి వినిపిస్తే ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు.

ఆ '-ఏమో' దగ్గరే తెగింది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు వాక్యం చివర 'ఏమో', 'అనుకుంటా', 'కొంచెం' చేర్చడం మనకు పుట్టుకతో వచ్చిన మర్యాద. ఇంట్లో అది అందమే. 1000 అడుగుల కింద ఆ మాట విన్నవాడికి అది ప్రమాదంగా వినబడదు, అభిప్రాయంగా వినబడుతుంది. అభిప్రాయానికి 'ఆ' అంటే సరిపోతుంది.

దిద్దుబాటు మూడు మెట్లుగా ఉంటుంది, ముందే బ్రీఫింగ్‌లో ఒప్పుకుని ఉండాలి. మొదటి మెట్టులో అంకె చెప్పాలి: 'స్పీడ్, మైనస్ ట్వెల్వ్.' అంకెకి మర్యాద తోక తగలదు. జవాబు 'కరెక్టింగ్' అని రావాలి, లివర్లు కదలాలి. జవాబు వచ్చి చేయి కదలకపోయినా అది జవాబు రానట్టే. రెండో మెట్టు, అదే మాట మళ్లీ, ఈసారి ఏం చేయాలో కలిపి: 'స్పీడ్, గో అరౌండ్.' మూడో మెట్టు, 'ఐ హావ్ కంట్రోల్.' ఇది తిరుగుబాటు కాదు. రెండుసార్లు పలికినా పలకని మనిషి స్పృహలో లేకపోవచ్చు, అలసటతో మొద్దుబారిపోయి ఉండొచ్చు. కారణం ఏదైనా చేయాల్సింది ఒకటే.

కెప్టెన్ వైపు నుంచి కూడా ఒక పని ఉంది. 'నేను తప్పు చేస్తే చెప్పు' అని ఊరికే అంటే చాలదు. 'ఈ రోజు నాకు నిద్ర సరిగ్గా లేదు. నేను నెమ్మదిగా ఉంటే రెండోసారి అడక్కు, గో అరౌండ్ అను' అని కచ్చితంగా చెబితే పక్కవాళ్లకు నోరు వస్తుంది.

పలికిన మాటను పక్క సీటు కొట్టేస్తే ఏమవుతుందో 1990 నవంబరు 14న జ్యూరిక్ దగ్గర కనిపించింది. అలిటాలియా 404, డీసీ-9, ఐఎల్ఎస్ రన్‌వే 14. ఒక నావిగేషన్ రిసీవర్ తప్పు చూపిస్తోంది. ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ మొదలుపెట్టాడు, కెప్టెన్ ఆపేశాడు. విమానం స్టాడ్లర్‌బర్గ్ కొండకు తగిలింది, లోపలున్న 46 మందీ చనిపోయారు. అందుకే ఈ సూత్రం: గో అరౌండ్ అని ఎవరన్నా, ఆ మాటను వెనక్కి తీసుకునే అధికారం ఇద్దరిలో ఎవరికీ ఉండకూడదు.

లక్షణం: 1000 అడుగులు దాటింది, ఇంకా ఏదీ కుదురుకోలేదు, ఎవరూ ఆపడం లేదు

మబ్బుల్లో అయితే 1000 అడుగులకల్లా, బయట కనబడుతుంటే 500 అడుగులకల్లా గేర్, ఫ్లాప్స్, వేగం, దిగే రేటు అన్నీ కుదురుకుని ఉండాలి. నిమిషానికి 1000 అడుగులకు మించి దిగకూడదు. ఈ సంగతి తెలియని పైలట్ లేడు. అయినా కుదురుకోని అప్రోచ్‌లలో గో అరౌండ్‌తో ముగిసేవి నూటికి మూడేనని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్క.

2010 మే 22, మంగళూరు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడు. విమానం గ్లైడ్ స్లోప్‌కి బాగా పైనుంది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. విమానం రన్‌వేలో సగానికి పైగా దాటాక చక్రాలు మోపింది. 158 మంది పోయారు. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో వాన, వెనక గాలి. చక్రాలు తాకింది రన్‌వే మొదలు నుంచి 4,400 అడుగులు దాటాక. అక్కడ కూడా మానిటరింగ్ పైలట్ గో అరౌండ్ అన్నాడు. 21 మంది చనిపోయారు. ఆ మాట అన్నాక కూడా అతను కంట్రోల్ తీసుకోలేదన్న విషయాన్ని దర్యాప్తు నివేదిక ప్రత్యేకంగా ఎత్తి చూపింది. మంగళూరులోనూ పలుకు ఉంది, మూడో మెట్టు లేదు.

కారణం ఒక్కటి కాదు. ఇంటికి దగ్గరికొచ్చేశాం, డ్యూటీ టైమ్ అయిపోతోంది, గో అరౌండ్ చేస్తే ఎందుకు చేశావని అడుగుతారేమోనన్న టెన్షన్. ఈ మూడోది సంస్థలు తీసేయగలిగిన కారణం. గో అరౌండ్‌కి సంజాయిషీ అడిగే చోట ఇది ఎప్పటికీ తగ్గదు. కాక్‌పిట్‌లో చేయగలిగింది ఇది: 1000 అడుగుల దగ్గర మానిటరింగ్ పైలట్ నోటి నుంచి రెండే మాటలు రావచ్చు, 'స్టేబిలైజ్డ్' లేదా 'గో అరౌండ్'. 'దాదాపు' అనేది ఆ జాబితాలో లేదు.

లక్షణం: మినిమమ్స్ దగ్గర రన్‌వే లైట్లు కనబడగానే ముక్కు కిందకు పడిపోతోంది

ఇద్దరూ బయటికే చూస్తున్నారు, ప్యానెల్ చూసేవాళ్లు లేరు. వాన పడిన అద్దంలోంచి రన్‌వే దూరంగా, విమానం పైనున్నట్టు అనిపిస్తుంది, దాంతో కిందకు తోస్తారు. నడుపుతున్న పైలట్ బయటికి చూసినా, మానిటరింగ్ పైలట్ టచ్‌డౌన్ దాకా సూది, దిగే రేటు చూస్తూనే ఉండాలి. దిగే రేటు పెరిగితే 'సింక్ రేట్' అని వెంటనే పలకాలి.

లక్షణం: ఆటోలాండ్‌లో (ఆటోపైలటే దించుతున్నప్పుడు) విమానం పక్కకు లాగుతోంది

వాతావరణం బాగానే ఉన్న రోజున ఏటీసీ లోకలైజర్ ప్రాంతాన్ని ఖాళీగా ఉంచాల్సిన పని లేదు. 2011 నవంబరు 3న మ్యూనిక్‌లో ముందు టేకాఫ్ అయిన విమానం సిగ్నల్‌ని చెదరగొట్టింది, ఆటోలాండ్ చేస్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ 777 రన్‌వే పక్కకు వెళ్లిపోయింది. ఎవరికీ గాయాలు కాలేదు. ప్రాక్టీసు ఆటోలాండ్ చేస్తుంటే ఏటీసీకి చెప్పండి, చేతులు కంట్రోల్స్ మీదే ఉంచండి.

లక్షణం: గో అరౌండ్ చేశాక అయోమయం

గో అరౌండ్ నిర్ణయం మంచిదే, తర్వాతి నిమిషం కూడా ప్రమాదకరమే. బరువు తక్కువున్న విమానానికి పూర్తి థ్రస్ట్ ఇస్తే, చీకట్లో ఆ ఒత్తిడికి లోపలి చెవి 'ముక్కు ఇంకా పైకి లేస్తోంది' అని తప్పుగా చెబుతుంది. పైలట్ కిందకు తోస్తాడు. 2016 మార్చి 19న రోస్తోవ్‌లో ఫ్లైదుబాయ్ 981 రెండో గో అరౌండ్‌లో నేలకు పడింది, 62 మందీ పోయారు.

దిద్దుబాటు: బ్రీఫింగ్‌లో మిస్డ్ అప్రోచ్‌ని (గో అరౌండ్ చేశాక వెళ్లాల్సిన దారి) చదివి ముగించకండి. పిచ్ (ముక్కు పైకి ఉండాల్సిన కోణం) ఎంత, మొదటి ఎత్తు ఎంత, ఎటు తిరగాలి అనేవి నడుపుతున్న పైలట్ తన నోటితో చెప్పాలి. గో అరౌండ్ మొదలయ్యాక మానిటరింగ్ పైలట్ మొదటి పని రేడియో కాదు, పిచ్ చూడటం. అది పడిపోతే 'పిచ్' అని పలకాలి, జవాబు రాకపోతే తానే ముక్కు పైకి లాగాలి. ఏటీసీ పది సెకన్లు ఆగుతుంది.

పైకి వెళ్లాక వెంటనే రెండో ప్రయత్నానికి వరుసలోకి దూరకండి. హోల్డింగ్ (గాల్లో చక్కర్లు కొడుతూ ఆగడం) అడగండి, ఇంధనం చూసుకోండి, బ్రీఫింగ్‌ని మొదటి లైన్ నుంచి మళ్లీ చేయండి. మొదటిసారి ఏం తప్పిందో ఫస్ట్ ఆఫీసర్‌ని ముందు మాట్లాడమనండి, కెప్టెన్ తర్వాత.